కార్పెటా, హార్డ్‌వుడ్డా? తాతకి ఒక నేల, మనవడికి ఒక నేల

ఈసారి ఎపిసోడ్ కొంచెం పెద్దదే అవుతుంది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని పని చేసుకుంటూ వినేయండి, చూపించడానికి పెద్దగా ఏమీ లేదు, చెప్పడానికే ఉంది.

ఒకావిడ మెసేజ్ పెట్టారు. డాలస్‌కి ఉత్తరాన కొత్తగా కడుతున్న కమ్యూనిటీలో రెండంతస్తుల ఇల్లు బుక్ చేసుకున్నారట. వచ్చే శుక్రవారం డిజైన్ సెంటర్ అపాయింట్‌మెంట్. అక్కడే నేల ఏం వెయ్యాలో సంతకం పెట్టి చెప్పాలి. మెసేజ్ చదువుతాను. "మా ఆయన ఇల్లంతా బిల్డర్ ఇచ్చే కార్పెట్ చాలంటున్నారు, నాకు హార్డ్‌వుడ్ కావాలి. మా బాబుకి ఆరేళ్ళు, ఆస్తమా ఉంది. వాడి డాక్టర్ పడకగదిలో కార్పెట్ వద్దన్నారు. మా మామగారికి 74 ఏళ్ళు, మోకాలి మార్పిడి ఆపరేషన్ అయింది, చేతికర్రతో నడుస్తారు. పోయినేడాది గుంటూరులో బాత్‌రూమ్ బయట గచ్చు మీద జారిపడ్డారు. సంక్రాంతి అయ్యాక మా దగ్గరికే వచ్చేస్తున్నారు. ఆయన ఫిజియోథెరపిస్టేమో గట్టి నేల మీద పడితే ప్రమాదం, జాగ్రత్త అంటున్నారు. ఇప్పుడు ఎవరి మాట వినాలి?"

ప్రశ్న ఇంత సూటిగా ఎవరూ అడగలేదు. మామూలుగా ఏది అందంగా ఉంటుంది, ఏది చవక అని అడుగుతారు. ఇక్కడ అలా కాదు. ఒకే ఇంట్లో ఇద్దరు మనుషులు. ఒకరి ఊపిరికి మెత్త నేల పడదు, ఇంకొకరి ఎముకకి గట్టి నేల పడదు. ఇద్దరూ సొంతవాళ్ళే.

ఇండియాలో ఉండి వింటున్నవాళ్ళకి ఒక మాట. టైల్స్ వేసేస్తే పోయేదానికి ఇంత ఆలోచన ఎందుకు అనిపిస్తుంది, నిజమే. మన ఇళ్ళ నేల అంటే తాండూరు బండలు, బేతంచెర్ల బండలు, తర్వాత మొజాయిక్, గ్రానైట్, ఇప్పుడు విట్రిఫైడ్ టైల్స్. అన్నిటికీ ఒకటే గుణం, బకెట్ నీళ్ళు కొట్టి కడిగేయొచ్చు. మన శుభ్రం అనే మాటలోనే నీళ్ళున్నాయి. పండగొస్తే ఇల్లు కడుగుతాం, ఊడుస్తాం, తడిగుడ్డ పెడతాం. అమెరికాలో ఈ రెండు నేలలూ, అంటే కార్పెట్టూ, చెక్కా, నీళ్ళు పడని నేలలు. మన అమ్మానాన్నలు అక్కడికి వచ్చిన మొదటి నెలలో వచ్చే చిక్కులు సగం ఇక్కడ్నుంచే మొదలవుతాయి.

అసలు కార్పెట్ అక్కడ ఇంత మామూలు ఎందుకైందంటే, దానికి జార్జియా రాష్ట్రంలో డాల్టన్ అనే ఊరు కారణం. 1895లో కాథరిన్ ఇవాన్స్ అనే అమ్మాయి చేత్తో దారం కుచ్చులు పొడిచి ఒక మంచం దుప్పటి చేసింది. ఆ కుచ్చుల పనే ఊరంతా నేర్చుకుని, తర్వాత మిషన్ల మీదకి ఎక్కి, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నైలాన్ దారంతో గోడ నుంచి గోడ దాకా పరిచే కార్పెట్ అయింది. నేత కంటే కుచ్చు పొడవడం చాలా వేగం, అందుకే చవక. ఇవాళ కూడా డాల్టన్‌ని కార్పెట్ రాజధాని అంటారు. బిల్డర్‌కి కార్పెట్ ఎందుకు ఇష్టమంటే, కింద కాంక్రీటు కాస్త ఎగుడుదిగుడుగా ఉన్నా కప్పేస్తుంది, ఒక్కరోజులో పని అయిపోతుంది. అందుకే 'స్టాండర్డ్' అని ఇల్లు ధరలో కలిపి ఇచ్చేది ఎక్కువగా అదే, హార్డ్‌వుడ్ 'అప్‌గ్రేడ్'. ఆ ఆయన కార్పెట్ చాలన్నారంటే పిసినారితనం అనుకోకండి, ఆయన చూస్తున్నది ఆ అప్‌గ్రేడ్ అంకె.

సరే, ముందు హార్డ్‌వుడ్ సంగతి. హార్డ్‌వుడ్ అంటే గట్టి చెక్క అనుకుంటాం. అది చెట్టు జాతికి పేరు, గట్టితనానికి కాదు. వెడల్పాటి ఆకులుండే చెట్ల చెక్కంతా హార్డ్‌వుడ్డే. బొమ్మ విమానాలు చేసే బాల్సా కూడా లెక్క ప్రకారం హార్డ్‌వుడ్డే, గోరుతో నొక్కితే సొట్ట పడుతుంది. గట్టితనానికి జంకా అని వేరే కొలత ఉంది. 11.28 మిల్లీమీటర్ల ఉక్కు గోళీని చెక్కలోకి సగం దిగేలా నొక్కడానికి ఎంత బలం కావాలో అది. రెడ్ ఓక్ 1,290, వైట్ ఓక్ 1,360, హికరీ 1,820. మన టేకు వెయ్యికి కాస్త అటూ ఇటూ ఉంటుంది. అంటే మనం తలుపులకి ప్రాణం పెట్టే టేకు కంటే వాళ్ళ నేలకి వేసే ఓక్ గట్టిది. అయినా సరే, వంటింట్లో చేతిలోంచి స్టీలు చెంబు జారి అంచు మీద పడితే ఓక్‌కి కూడా సొట్ట పడుతుంది. వెట్ గ్రైండర్ జరిపితే గీత పడుతుంది. హార్డ్‌వుడ్ వేసుకునేవాళ్ళు అద్దంలా ఉండాలనే ఆశ వదిలేసుకోవాలి. అందుకే మెరిసే ఫినిష్ కాకుండా మ్యాట్ ఫినిష్, కొంచెం గీతలున్న వైర్ బ్రష్డ్ రకం తీసుకోమంటాను. పడ్డ సొట్ట డిజైన్‌లో కలిసిపోతుంది.

టెక్సస్‌లో ఇంకో ముఖ్యమైన సంగతుంది. అక్కడ ఇళ్ళకి చాలా వరకు బేస్‌మెంట్ ఉండదు, నేల మీద నేరుగా కాంక్రీటు స్లాబ్ పోస్తారు. పూర్తి చెక్క పలక, ముప్పావు అంగుళం మందంది, మేకులు కొట్టి వెయ్యాలి. కాంక్రీటులోకి ఆ మేకులు దిగవు. పైగా కొత్త స్లాబ్ లోపల్నుంచి నెలల తరబడి తేమ వస్తూనే ఉంటుంది. అందుకని అక్కడ వేసేది 'ఇంజినీర్డ్ హార్డ్‌వుడ్'. కింద ప్లైవుడ్ పొరలు, పైన మాత్రం అసలు చెక్క పల్చటి పొర. ఇది నకిలీ కాదు, భయపడకండి. కానీ ఆ పై పొర ఎన్ని మిల్లీమీటర్లో అడగండి. మిల్లీమీటరు కంటే తక్కువుంటే ఇంక దాన్ని ఎప్పటికీ చెక్కి పాలిష్ పెట్టించలేరు. 3, 4 మిల్లీమీటర్లుంటే ఒకటి రెండు సార్లు కొత్తగా చేయించుకోవచ్చు. డిజైన్ సెంటర్‌లో రంగు పేరు చెప్తారు గానీ ఈ అంకె అడిగితే తప్ప చెప్పరు. అలాగే వేసేముందు స్లాబ్‌లో తేమ పరీక్ష చేస్తారా, ఆ కాగితం ఇస్తారా అని కూడా అడగండి. తేమ ఉండగా అతికిస్తే పలకల అంచులు పైకి లేచి ఒక్కొక్కటి చిన్న దోనెలా తయారవుతుంది. నడిస్తే కాలికి తెలుస్తుంది.

ఇప్పుడు నీళ్ళ సంగతికి వస్తా. మన పెద్దవాళ్ళకి బయట్నుంచి రాగానే కాళ్ళు కడుక్కునే అలవాటు. చాలా మంచి అలవాటు. అమెరికా బాత్‌రూమ్‌లో నేల మీద నీళ్ళు పోయే తూము ఉండదు. టబ్బులో కాళ్ళు కడుక్కుని, తుడుచుకోకుండా అలాగే బయటికి వచ్చేస్తారు. బయట కార్పెట్ ఉంటే అది రోజూ తడిసి కింద ప్యాడ్ వాసన పడుతుంది. చెక్క ఉంటే పాలిష్ మీద తడి కాలు, అది జారుడుబల్లే. ఆ మామగారు పడింది కూడా బాత్‌రూమ్ బయటే అని రాశారు కదా. అంటే గుంటూరులో అయినా డాలస్‌లో అయినా మీరు ముందు చూడాల్సింది ఆ గుమ్మం దగ్గర మూడడుగుల చోటు. బాత్‌రూమ్ లోపలే టబ్బు పక్కన పట్టుకోవడానికి గోడకి కడ్డీ, కూర్చోవడానికి స్టూలు, కాళ్ళు తుడుచుకునే టవల్ చేతికందేలా. నేల ఏది వేసినా ఇది ముందు చేయండి. డిజైన్ సెంటర్‌లో ఆ గోడ లోపల చెక్క దిమ్మ పెట్టించమని అడగండి, తర్వాత కడ్డీ బిగించడానికి బలంగా ఉంటుంది. ఇల్లు కట్టేటప్పుడు అది చాలా చిన్న పని, తర్వాత గోడ పగలగొట్టాలి.

రెండోది, అత్తగారు గానీ అమ్మగారు గానీ వస్తే మాప్ చేస్తారు. బకెట్‌లో ఫినాయిల్ నీళ్ళు పోసి, గుడ్డ ముంచి, నీళ్ళు కారేలా. హార్డ్‌వుడ్ మీద అది వద్దని మర్యాదగా చెప్పడం ఎలాగో నాకు కూడా తెలీదు. పిండేసిన మైక్రోఫైబర్ మాప్ చేతికిచ్చి, ఈ నేలకి ఇదేనమ్మా అని చూపించడమే మార్గం. ఆవిరి మాప్ కూడా వాడకండి. ఇంటర్నెట్‌లో వెనిగర్ కలిపి తుడవమని వీడియోలుంటాయి, చెక్క ఫినిష్ మెల్లగా మసకబారుతుంది.

ఇక కార్పెట్. మన వంటకీ కార్పెట్‌కీ పడదు అని ఒక్క ముక్కలో చెప్పొచ్చు గానీ, ఎందుకు పడదో తెలిస్తే ఎక్కడ వెయ్యొచ్చో కూడా తెలుస్తుంది. తిరగమోత వేసినప్పుడు నూనె సన్నటి తుంపరగా గాల్లోకి లేస్తుంది. అక్కడ కొత్త ఇళ్ళలో వంటిల్లు, హాలు అంతా ఒకటే గది. ఆ తుంపర మెల్లగా పక్కనున్న కార్పెట్ మీద వాలుతుంది. నూనె పట్టిన పోగుకి దుమ్ము అతుక్కుంటుంది. రెండేళ్ళలో వంటింటి పక్క కార్పెట్ ఒక రంగు, పడకగది కార్పెట్ ఇంకో రంగు అవుతుంది. చాలా చోట్ల పొయ్యి పైన మైక్రోవేవ్‌తో కలిపి పెట్టే ఫ్యాను గాలిని తిరిగి ఇంట్లోకే వదులుతుంది. బయటికి గొట్టం వేసే హుడ్ అడగండి. నేల మీద పెట్టే డబ్బులో కొంత తీసి దీనికి పెట్టినా తప్పులేదు అంటాను.

పసుపు సంగతి ఇంకా సరదాగా ఉంటుంది. కార్పెట్ దారం రెండు రకాలు ఎక్కువ, నైలాన్, పాలిస్టర్. నైలాన్ గట్టిది, తొక్కినా లేచి నిలబడుతుంది, కానీ పసుపు రంగుని చక్కగా పట్టేసుకుంటుంది, పట్టు చీరకి అద్దకం వేసినట్టు. పాలిస్టర్ నీటి మరకల్ని పట్టుకోదు, కానీ నూనెని ప్రేమిస్తుంది, తొందరగా నలిగి చదునైపోతుంది. అంటే సాంబారు ఒలికితే, పసుపుకి ఒకటి లొంగుతుంది, నూనెకి ఇంకొకటి లొంగుతుంది. ఒలికితే రుద్దకండి. పొడిగుడ్డతో అద్ది అద్ది తీయాలి, తర్వాత గిన్నెలు కడిగే సబ్బు నీళ్ళు రెండు చుక్కలు వేసి మళ్ళీ అద్దాలి. మిగిలిన పసుపు మరకకి ఎండ మంచి మందు. పసుపులో రంగు వెలుతురుకి నిలవదు. కిటికీ తెర తీసి కొన్ని రోజులు ఎండ పడనివ్వండి, చాలా వరకు పలచబడుతుంది.

ఇంకోటి కూడా చెప్పాలి, ఇది చాలామందికి తెలీదు. రోజూ దీపం, అగరబత్తీ వెలిగించే ఇళ్ళల్లో కార్పెట్ అంచుల్లో, గోడ పొడుగునా, తలుపుల కింద నల్లటి గీత వస్తుంది. పురుగులేమో, బూజేమో అని కంగారు పడతారు. అది మసి. గోడ కింద సందుల్లోంచి గాలి అటూ ఇటూ పోతుంటే కార్పెట్ అంచు ఫిల్టర్ లాగా పనిచేసి ఆ మసిని పట్టుకుంటుంది. నూనె కలిసిన మసి కాబట్టి మామూలు వాక్యూమ్‌కి రాదు. అందుకే దేవుడి గది, దాని ముందు చోటు కార్పెట్ వద్దు. సత్యనారాయణ వ్రతానికి పాతికమంది వచ్చి కింద కూర్చుంటే కార్పెట్టే హాయి అంటారు, ఒప్పుకుంటా. కానీ ఏడాదికొక వ్రతం కోసం 365 రోజుల అగరబత్తీ మర్చిపోకూడదు.

సరే, అసలు ప్రశ్నకి వద్దాం. బాబు ఆస్తమా.

కార్పెట్‌లో దుమ్ము పురుగులు ఉంటాయి. డస్ట్ మైట్స్ అంటారు, కంటికి కనపడవు, మన చర్మం పొట్టు తింటాయి. వాటి వ్యర్థాలు గాల్లో కలిస్తేనే ఆస్తమా ఉన్నవాళ్ళకి ఇబ్బంది. ఇంట్లో తేమ 50 శాతం కంటే తక్కువుంటే అవి సరిగ్గా బతకలేవు. డాక్టర్ చెప్పింది కరెక్టే, పడకగదిలో గట్టి నేల మంచిది. అమెరికన్ లంగ్ అసోసియేషన్ కూడా అదే చెప్తుంది. కానీ ఒక్క నేల మార్చేసి పని అయిపోయిందనుకుంటే పొరపాటు. ఆ పురుగులు అన్నిటికంటే ఎక్కువగా ఉండేది పరుపులో, దిండులో. పరుపుకీ, దిండుకీ జిప్ ఉన్న అలర్జీ కవర్లు, దుప్పట్లు వారానికోసారి 130 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి నీళ్ళలో ఉతకడం. నేల కంటే ముందు ఇవి చేయాలి, ఖర్చు కూడా తక్కువే. గదిలో నేల గట్టిది వేసి, చలికి ఆగలేక మీద మందపాటి బొచ్చు రగ్గు పరిచేవాళ్ళున్నారు. అప్పుడు కార్పెట్ పెట్టినట్టే కదా! చిన్నది, నూలుది, ఉతికేది వేయండి. మన వరంగల్ దరీలు ఎందుకు వాడరో నాకు అర్థం కాదు. నూలుతో నేస్తారు, బొచ్చుండదు, తీసి దులపొచ్చు. 2018లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. ఇంటికెళ్ళి వచ్చేటప్పుడు సూట్‌కేస్‌లో పచ్చడి సీసాల చుట్టూ చుట్టి తెచ్చుకోండి, రెండు పనులూ అవుతాయి. కింద మాత్రం జారకుండా పట్టే ప్యాడ్ వేయాలి. రబ్బరు పూతలు కొన్ని చెక్క ఫినిష్‌ని రంగు మార్చేస్తాయి, ప్యాడ్ కొనేటప్పుడు హార్డ్‌వుడ్‌కి పనికొస్తుందని రాసుందో లేదో చూడండి.

ఇప్పుడు మామగారు. ఇక్కడే చాలామంది తప్పుగా ఆలోచిస్తారు. పడకుండా ఉండటం ఒకటి, పడితే దెబ్బ తక్కువ తగలడం ఇంకొకటి. రెండూ వేరు వేరు.

పడితే దెబ్బ సంగతి తీసుకుంటే, ఇంగ్లాండ్‌లో 34 వృద్ధుల హోమ్‌లలో రెండేళ్ళపాటు ఎవరు ఎక్కడ పడ్డారో రాసుకుని 2004లో ఒక అధ్యయనం వేశారు. 6,641 సార్లు పడితే 222 సార్లు ఎముకలు విరిగాయి. చెక్క నేల మీద కార్పెట్ పరిచిన చోట విరగడం అన్నిటికంటే తక్కువ. కింద కాంక్రీటా, చెక్కా అన్నది కూడా తేడా తెచ్చింది. కాబట్టి ఫిజియోథెరపిస్ట్ మాట కూడా గాల్లో మాట కాదు. అమెరికాలో 65 దాటినవాళ్ళకి గాయాలతో వచ్చే చావుల్లో మొదటి కారణం పడిపోవడమే. డాలస్ ఇంట్లో మామగారి గది కిందే ఉంటుంది, మెట్లెక్కలేరు కాబట్టి. కింద అంటే స్లాబ్, కాంక్రీటు. దాని మీద అతికించిన చెక్క పల్చటిది, పడితే కాంక్రీటు మీద పడ్డట్టే.

మరి మందపాటి, కాలు దిగబడే కార్పెట్ వేసేద్దామా? అదీ వద్దు. చేతికర్ర కొస అందులో కుదురుగా నిలవదు. మోకాలి ఆపరేషన్ అయినవాళ్ళు పాదం పూర్తిగా ఎత్తకుండా ఈడ్చినట్టు వేస్తారు, వేలు బొచ్చులో తట్టుకుంటుంది. రేపు వాకర్ అవసరమైతే అసలు కదలదు. అంటే మెత్తదనం ఎక్కువైతే పడే అవకాశం పెరుగుతుంది. వికలాంగుల కోసం అమెరికాలో ఉన్న ఏడీఏ ప్రమాణాల్లో కార్పెట్ బొచ్చు ఎత్తు అర అంగుళం దాటకూడదని రాశారు. అది పబ్లిక్ స్థలాలకి పెట్టిన రూలే గానీ, మన ఇంటికి కూడా మంచి కొలబద్ద. నేనైతే ఇంకా తక్కువ అడుగుతాను, పోగులు దగ్గర దగ్గరగా ఉన్న పొట్టి బొచ్చు కార్పెట్, కింద పల్చటి గట్టి ప్యాడ్. మెత్తటి ప్యాడ్ ఫ్రీగా అప్‌గ్రేడ్ చేస్తామన్నా ఆ ఒక్క గదికి వద్దనండి.

కాబట్టి ఆవిడకి నా సమాధానం ఇది. ఇల్లంతటికీ ఒకటే నేల అనే మాట వదిలేయండి. డిజైన్ సెంటర్‌లో గది గదికీ వేరుగా రాస్తారు, ఆ ఫారం అలాగే ఉంటుంది. మామగారి గదిలో పొట్టి కార్పెట్. బాబు గదిలో గట్టి నేల. మెట్ల మీద కార్పెట్, ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. సాక్సులేసుకుని చెక్క మెట్ల మీద పరిగెత్తే ఆరేళ్ళ పిల్లాణ్ణి చూస్తే మీకే తెలుస్తుంది. వంటిల్లు, హాలు, దేవుడి గది, నడవా గట్టి నేల. మాస్టర్ బెడ్‌రూమ్ బిల్డర్ కార్పెట్ అలాగే ఉంచేసుకోండి, అక్కడ మీ ఆయన గెలిచారు. పైన గేమ్ రూమ్‌లో బాబు కింద పొర్లి ఆడతాడు కాబట్టి డబ్బు మిగిలితే అది రెండోది. మిగలకపోతే హెపా ఫిల్టర్ ఉన్న వాక్యూమ్‌తో వారానికి రెండుసార్లు గట్టిగా లాగండి, వాడు బయట ఉన్నప్పుడు.

ఒక మెలిక ఉంది ఇందులో. తాత వచ్చాక మనవడు తన గదిలో పడుకుంటాడా? కథ చెప్పించుకుంటూ తాత పక్కలోనే నిద్రపోతాడు. అంటే సగం రాత్రులు కార్పెట్ గదిలోనే. వద్దని మాత్రం అనకండి, ఆ మామగారు ఊరు వదిలి వస్తున్నదే దానికోసం. తాత పరుపుకి, దిండ్లకి కూడా అదే అలర్జీ కవర్లు, అదే వేడి నీళ్ళు. ఆ గది వాక్యూమ్ ఇల్లంతటికంటే ఎక్కువసార్లు. కొత్త కార్పెట్ వాసన పోయేదాకా, కనీసం మూడు రోజులు, కిటికీలు తీసి ఫ్యాన్ వేసి ఉంచండి, ఆ తర్వాతే సామాను. వాడికి అయినా దగ్గు పెరుగుతుంటే డాక్టర్‌తో మాట్లాడి అప్పుడు ఆ గది మార్చండి. ఒక గది కార్పెట్ తీయడం పెద్ద పని కాదు.

కార్పెట్, చెక్క కలిసే చోట సన్నటి పట్టీ వేస్తారు. అది పైకి తేలకూడదు. పావు అంగుళం ఎత్తు కూడా ఈడ్చే కాలికి మెట్టే. చదునుగా ఉండేది కావాలని ముందే రాయించండి. రెండు నేలల రంగులు కొంచెం తేడాగా ఉంటే ఇంకా మంచిది, కళ్ళజోడు లేకుండా రాత్రి లేచినా ఎక్కడ మారుతుందో కనిపిస్తుంది. విడి రగ్గులు ఆ దారిలో ఒక్కటి కూడా వద్దు, అందమైనదైనా సరే, నేను మెచ్చుకున్న వరంగల్ దరీ అయినా సరే.

డబ్బు సంగతి త్వరగా చెప్తాను. బిల్డర్ దగ్గర తీసుకునే అప్‌గ్రేడ్ ఇంటి లోన్‌లో కలిసిపోతుంది, అందుకే నొప్పి తెలీదు. 10,000 డాలర్లు 6.5 శాతానికి 30 ఏళ్ళకి కలిపితే నెలకి 63 డాలర్లే. కానీ మొత్తం కట్టేది 22,750 దాకా వస్తుంది. అదే నేల బయట వేయిస్తే ఎంతో ఫోన్ చేసి ఒక్క కొటేషన్ తీసుకుని వెళ్ళండి. తేడా మరీ ఎక్కువుంటే బాబు గది లాంటి చిన్న గది తర్వాత బయటివాళ్ళతో వేయించుకోవచ్చు, దిగే ముందు. వంటిల్లు, హాలు మాత్రం ఇప్పుడే వేయించడం మేలు.

తిరిగి అమ్మేటప్పుడు హార్డ్‌వుడ్‌కి రేటొస్తుందని అందరూ అంటారు. రియల్టర్ల సంఘం 2022 నివేదికలో కొత్త చెక్క నేలకి పెట్టిన ఖర్చులో 118 శాతం, పాత చెక్కకి పాలిష్ పెట్టిస్తే 147 శాతం తిరిగొస్తుందని లెక్క వేశారు. బాగుంది గానీ అది రియల్టర్ల అంచనా, పాత ఇళ్ళ రీమోడలింగ్ గురించి. బిల్డర్ వేసే అప్‌గ్రేడ్‌కి అదే వర్తిస్తుందనుకోకండి. నాకు నమ్మకమున్న లెక్క వేరేది. అక్కడి ఇళ్ళు కట్టేవాళ్ళ సంఘం 2007లో ఏది ఎన్నాళ్ళు మన్నుతుందో లెక్క వేస్తే చెక్క నేలకి వందేళ్ళ పైన, కార్పెట్‌కి 8 నుంచి 10 ఏళ్ళు అని వచ్చింది. ఇంజినీర్డ్‌కి ఆ వందేళ్ళు రావు, పై పొర ఎంతుందో అంతే. అయినా కార్పెట్ అంటే పదేళ్ళకోసారి కొత్త బిల్లు అని అర్థం.

మధ్యలో వినైల్ పలకలు ఎందుకు చెప్పలేదని కామెంట్ పెడతారు, తెలుసు. ఎల్‌వీపీ, లగ్జరీ వినైల్ ప్లాంక్. చూడ్డానికి చెక్కలా ఉంటుంది, నీళ్ళకి భయపడదు, పసుపుకి త్వరగా లొంగదు, చవక. బాబు గదికి నేను అదే వేస్తాను. అత్తగారు బకెట్‌తో మాప్ చేసినా కొంప మునగదు. గీత పడితే మాత్రం చెక్కి కొత్తగా చేయడం కుదరదు, ఆ పలక మార్చాల్సిందే. హాల్లో చెక్క స్పర్శ కావాలంటే చెక్కే, బడ్జెట్ కావాలంటే వినైల్. ఇందులో వాదించడానికి ఏం లేదు.

ఆవిడకి చివరిగా శుక్రవారం పని. అపాయింట్‌మెంట్‌కి ఇద్దరూ వెళ్ళండి, ఒక్కరు వెళ్తే ఇంటికొచ్చాక గొడవే. నమూనా ముక్కలు చేత్తో ముట్టుకోవడం కాదు, చెప్పులు విప్పి కాలితో తొక్కి చూడండి. కుదిరితే మామగారితో వీడియో కాల్‌లో ఆయన కర్ర కింద కొస ఎంత వెడల్పుందో, రబ్బరు అరిగిందో లేదో చూడండి. అరిగితే ఏ నేల మీదైనా జారుతుంది. కొత్త రబ్బరు కొస చాలా చవక, ఊళ్ళోనే సర్జికల్ షాపులో దొరుకుతుంది, విమానం ఎక్కేముందే మార్పించండి. పని పూర్తయ్యాక మిగిలిన పలకలు రెండు పెట్టెలు, కార్పెట్ ముక్క ఒకటి మీకే వదిలిపెట్టాలని కాగితం మీద రాయించుకోండి. కంపెనీ పేరు, రంగు నంబరు ఫోటో తీసి పెట్టుకోండి. ఐదేళ్ళ తర్వాత ఒక పలక పాడైతే అదే రంగు షాపులో దొరకదు.

ఏం తీసుకున్నారో కామెంట్‌లో రాయండి, మామగారు వచ్చాక ఎలా ఉందో కూడా. వచ్చేసారి పొయ్యి మీద హుడ్ గురించి, ఆ గొట్టం బయటికి ఎలా వేయించుకోవాలో చూద్దాం. ఉంటాను.